ఒలింపియాలో మా మామగారి పాడు నోరు

మా మామగారు వీరభద్రరావు గారి నోట నిద్ర లేవగానే వచ్చే మొదటి మాట, పడుకోబోయే ముందు వచ్చే ఆఖరి మాట ఒక్కటే. "లాభం లేదు."

ఆయన వ్యాపారం చేసి చితికిపోయిన మనిషి కాదు. కెనడాలోని స్కార్‌బరోలో ముప్పై ఏళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. లాభనష్టాలతో ఏ సంబంధమూ లేకుండానే ఆయనకు ఈ ప్రపంచం మీద ఆశ పోయింది. ఎప్పుడు పోయిందో మా అత్తగారు సరోజన గారికి కూడా సరిగ్గా తెలియదు.

"తాళి కడుతూనే అన్నారమ్మా, ముడి సరిగ్గా పడలేదు, లాభం లేదు అని," అంటారు ఆవిడ. "నలభై రెండేళ్లయింది. ఇంకా ఊడలేదు."

కిటికీ తెర తీసి ఎండ కనబడితే, "సాయంత్రానికి మబ్బు పడుతుంది, లాభం లేదు" అంటారు. మంచు పడితే, "ఎంత గీకినా మళ్లీ పడుతుంది, లాభం లేదు" అంటూనే పార పట్టుకుని వెళ్లి మా ఇంటి ముందూ, పక్కింటి ముందూ కూడా గీకి వస్తారు. మే నెలలో టమాటా నారు నాటి, "ఈ చలికి ఒక్కటీ కాయదు" అని ఆ మొక్కల ఎదుటే అంటారు. ఆగస్టులో అవి విరగకాస్తే బుట్ట నా ముందు పెట్టి, "ఇన్ని కాసి ఏం ప్రయోజనం? తినే నోళ్లు అయిదేగా. లాభం లేదు" అంటారు.

నేను కెనడాకి వచ్చిన కొత్తలో మొదటి ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి మరీ అన్నారు.

"లాభం లేదమ్మా. వాళ్లు ఎవర్నో ముందే అనుకుని ఉంటారు."

ఉద్యోగం రాలేదు. ఆ సాయంత్రం మా అత్తగారు ఆయన్ని గంటన్నర తిట్టారు. "బయల్దేరే పిల్లని పట్టుకుని అంత మాటంటారా? మీ నోరు పడ!" నాకు మాత్రం అల్లం టీ, వేడివేడి పకోడీలు. ఇంటర్వ్యూలో నువ్వేం తప్పు చెప్పావని నన్ను ఎవరూ అడగలేదు.

ఆయన నాలుక మీద మచ్చ ఉందని అత్తగారికి గట్టి నమ్మకం. ఒకసారి టార్చిలైటు వేసి వెతికారు కూడా. కనబడలేదు.

"అడుగున ఉండి ఉంటుంది," అన్నారు.

మా అమ్మాయి ఇషితకి పదహారేళ్లు. రెండు వందల మీటర్ల పరుగు దాని ప్రాణం. మా ఆయన మహీధర్‌కీ నాకూ ఆఫీసులు కాబట్టి పొద్దున్నే ఆరింటికి దాన్ని ప్రాక్టీసుకి తీసుకెళ్లేది మామయ్యగారే. చలికోటు మీద చలికోటు వేసుకుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని, బెంచీ మీద కూర్చుని స్టాప్‌వాచ్ నొక్కేవారు.

"ఇరవై ఆరు పాయింట్ ఒకటి. లాభం లేదు."

నెల తిరిగాక, "ఇరవై అయిదు పాయింట్ ఆరు. లాభం లేదు."

ఇంకో నెలకి, "ఇరవై అయిదు పాయింట్ రెండు. అబ్బే."

ఆ 'అబ్బే' విన్న రోజు ఇషిత ఇల్లంతా గంతులేసింది. తాత నోట అంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ వినలేదు.

జూన్ మొదటి వారంలో ఒంటారియో స్కూళ్ల పోటీలు. ఇషిత ఫైనల్‌కి వచ్చింది. అందరం వెళ్లాం. పరుగుకి పది నిమిషాల ముందు అది కంచె దగ్గరికి వస్తే నేను దాని భుజం తట్టాను, మహీధర్ బొటనవేలు పైకెత్తి చూపించాడు. మామయ్యగారు మాత్రం చుట్టూ ఉన్న నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా అన్నారు.

"లాభం లేదమ్మా ఇషీ. ఇవాళ అయ్యేలా లేదు."

తుపాకీ పేలకముందే ఇషిత కాలు కదిలింది. అంతే. ఒక్కసారి ముందు కదిలితే పోటీలోంచి తీసేస్తారు. పసుపు కోటు వేసుకున్న ఒకావిడ వచ్చి దాని ముందు ఎర్ర కార్డు ఎత్తింది. మిగిలిన ఏడుగురూ మళ్లీ గీత మీద వంగుతుంటే మా పిల్ల ఒక్కతీ తల దించుకుని గడ్డి మీద నడుచుకుంటూ వచ్చింది.

ఇంటికొచ్చాక ఎవరూ ఇషితని ఏమీ అనలేదు. అనాల్సినవన్నీ ఆయన్నే అన్నాం. అత్తగారు తిట్టారు. మహీధర్, "నాన్నా, ఇవాళైనా ఆ మాట ఆపుకోలేకపోయావా?" అన్నాడు. నేను ఒక్కటే అడిగాను.

"ఇప్పుడు సంతోషమేనా మామయ్యగారూ?"

ఆయన తల వంచుకుని, "నా నోరే అంతమ్మా," అన్నారు.

ఇషిత స్పైకు బూట్లు బేస్‌మెంట్‌లో పడేసింది. మూడు వారాలు దాని గది తలుపు మూసే ఉంది. పిలిస్తే "ఐయామ్ ఫైన్" అనేది. ఆ మాట అన్న తీరు వింటే ఎంత ఫైనో తెలిసిపోయేది. నేను మామయ్యగారితో మాట్లాడటం దాదాపు మానేశాను. "అన్నం పెట్టాను", "మందులు వేసుకోండి". ఈ రెండే.

ఆ గోలలో గ్రీస్ ప్రయాణం సంగతి అందరం మరిచిపోయాం. పోటీలయ్యాక పరుగు పుట్టిన చోటు పిల్లకి చూపించాలని మహీధర్ జనవరిలోనే ఉత్సాహపడి టికెట్లు కొన్నాడు. ఇప్పుడు పరుగు పేరెత్తితే గదిలోకి పారిపోయే పిల్లని తీసుకెళ్లి చూపించాల్సింది ఒలింపిక్స్ పుట్టిన ఆ ఒలింపియానే. పైగా మహీధర్ కంపెనీ తన గోదాముల సాఫ్ట్‌వేర్ మార్పిడి సరిగ్గా ఆ వారమే పెట్టుకుంది. అతను ఆగిపోయాడు. "రాళ్ల మధ్య తిరిగే మోకాళ్లు కావు నావి," అని అత్తగారు ఆగిపోయారు. ముగ్గురం బయల్దేరాం. ఒకరికి ప్రపంచం మీద ఆశ లేదు, ఒకరికి తన మీద ఆశ లేదు, నాకు వీళ్లిద్దరి మీదా ఆశ లేదు.

విమానం రన్‌వే మీద కదలగానే, "ఇంత బరువు లేవదు, లాభం లేదు," అన్నారు మామయ్యగారు. లేచాక, "లేవడం ఎవడైనా లేస్తాడు, దిగడం కదా," అన్నారు. ఏథెన్స్ నుంచి ఒలింపియా వెళ్లే బస్సులో నాలుగ్గంటలూ డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చుని ప్రతి మలుపుకీ తన కాలితో లేని బ్రేకు నొక్కారు.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికే ఎండ పేలిపోతోంది. మా గైడు ఎలేని అనే గ్రీకు ఆవిడ. యాభై ఏళ్లుంటాయి. గడ్డి టోపీ, చేతిలో మడిచిన ఎర్ర గొడుగు. మాతోపాటు ఇంకో పది మంది ఉన్నారు. చుట్టూ పైన్ చెట్లు, కీచురాళ్ల రొద, ఎటు చూసినా కూలిన రాళ్లు. ఇషిత చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని అందరికంటే వెనక, కాళ్లీడ్చుకుంటూ నడుస్తోంది.

మొదట జియస్ అనే గ్రీకు దేవుడి గుడికి తీసుకెళ్లింది ఎలేని. భూకంపాలకి పడిపోయిన స్తంభాలు చక్రాలు చక్రాలుగా, కోసి పెట్టిన ముల్లంగి ముక్కల్లా వరసగా ఒరిగి ఉన్నాయి. ఒక్కొక్క ముక్క మనిషెత్తు ఉంది. ఒకే ఒక్క స్తంభాన్ని మాత్రం ఈ మధ్య కాలంలో మళ్లీ నిలబెట్టారు.

"మొత్తం ఎన్ని?" అని అడిగారు మామయ్యగారు ఇంగ్లీషులో.

"ముప్పై నాలుగు," అంది ఎలేని గర్వంగా.

ఆయన ఆ ఒంటి స్తంభాన్ని కింది నుంచి పై దాకా చూసి, ఎండకి కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి గుండెల మీద పెట్టుకుని తెలుగులో నిట్టూర్చారు. "ఇంకా ముప్పై మూడు నిలబెట్టాలి. లాభం లేదు."

ఎలేని టోపీ తీసింది. ఎందుకా అనుకున్నాను. తర్వాతి చోట కూడా ఆయన చేతులు జోడించి "లాభం లేదు" అనగానే ఆవిడ మాట్లాడటం ఆపి, గుంపునంతా నిశ్శబ్దంగా ఉండమని సైగ చేసింది. మూడో చోట నా దగ్గరికి వచ్చి గుసగుసలాడింది.

"మీ నాన్నగారు ప్రతి గుడి దగ్గరా ప్రార్థన చేస్తున్నారు. ముప్పై ఏళ్లలో ఇలాంటి యాత్రికుణ్ణి చూడలేదు. లా-బమ్-లే-దూ అంటే ఏ దేవుడు?"

నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. "అన్నిటికీ ఆయనే," అన్నాను.

ఆ తర్వాత ఎలేని ప్రతి శిథిలం ముందూ తన ఉపన్యాసం ముగించి, మామయ్యగారి వైపు తిరిగి, ఆయన ఆ మాట అనేదాకా ఓపిగ్గా ఆగేది.

జియస్ భార్య హేరా గుడి ముందు, "ఇక్కడే అద్దంతో సూర్యకిరణాలు పట్టి ఒలింపిక్ జ్యోతి వెలిగిస్తారు," అని చెప్పింది.

"ఆ రోజు మబ్బు పడితే?"

"అందుకే ముందు రోజుల్లో రిహార్సల్ చేసి ఆ నిప్పు దాచిపెడతాం సర్."

మామయ్యగారి ముఖం మొదటిసారి వికసించింది. "చూశావా అమ్మాయ్? వీళ్లకీ నమ్మకం లేదు!"

నాకు నవ్వు రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఇషిత ఒక రాయి మీద కూర్చుని నేల చూస్తోంది. ఇంత దూరం తీసుకొచ్చి ఈ పిల్లకి నేను చూపిస్తున్నది ఏమిటి? కూలినవి, విరిగినవి, ఇక లేవనివి. మహీధర్‌కి మెసేజ్ పెడదామని ఫోన్ తీసి, ఏం రాయాలో తెలియక మళ్లీ లోపల పెట్టేశాను.

స్టేడియం దారిలో గోడ పక్కన వరసగా రాతి దిమ్మలున్నాయి. వాటి మీద ఒకప్పుడు కంచు విగ్రహాలు ఉండేవట. పోటీల్లో మోసం చేసినవాళ్ల దగ్గర జరిమానా వసూలు చేసి ఆ విగ్రహాలు పెట్టించేవారట. మోసగాడి పేరు కూడా పక్కన చెక్కేవారట, వచ్చేపోయేవాళ్లందరూ చదివేలా.

"గెలిచినవాళ్ల పేర్లు?" అడిగారు మామయ్యగారు.

"అవీ రాశారు. విగ్రహాలు కూడా పెట్టుకోనిచ్చారు."

"మరి మోసం చేయకుండా ఓడిపోయినవాళ్ల పేర్లు ఎక్కడ రాశారు?"

"ఎక్కడా లేవు సర్. ఇక్కడ రెండో స్థానం కూడా ఉండేది కాదు."

"వెయ్యేళ్లు జరిగాయన్నారు. ఓడిపోయినవాళ్లు ఎన్ని వేల మంది ఉంటారు?"

"లెక్కే లేదు."

ఆయన ఆ దిమ్మల వైపు చాలాసేపు చూశారు. "అయితే హాయిగా ఇళ్లకి పోయి అన్నం తిన్నారన్నమాట," అన్నారు ఎవరితోనో అన్నట్టు. ఆ ఒక్క చోట లాభం లేదనలేదు. ఎలేని టోపీ పట్టుకుని ఎదురుచూసి, చివరికి నిరాశగా పెట్టేసుకుంది.

రాతి కమాను కింద నుంచి స్టేడియంలోకి వెళ్లాం. స్టేడియం అంటే మెట్లూ, గ్యాలరీలూ ఏమీ లేవు. ఇటూ అటూ గడ్డి గట్లు, మధ్యలో పొడవాటి మట్టి నేల. ఆ చివరా ఈ చివరా నేలలో పాతిన తెల్ల రాతి గీత. రాతిలో కాలివేళ్లు పెట్టుకోవడానికి రెండు గాడులు.

"ఇక్కడే నిలబడేవారు," అంది ఎలేని. "చాలా కఠినమైన నియమం ఉండేది. సంకేతం రాకముందే ఎవరైనా కదిలితే, అందరి ముందూ కర్రతో కొట్టేవారు."

తిరిగి చూశాను. ఇషిత చెవుల్లో ఇయర్‌బడ్స్ లేవు. ఆ ఒక్క ముక్క వినడానికే తీసినట్టుంది. ముఖం పాలిపోయింది. వెళ్లి కమాను నీడలో గోడకి ఆనుకుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది. వెంట వెళ్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోబోతే లాగేసుకుంది. ఆ క్షణంలో ఆ పోటీలు కనిపెట్టిన గ్రీకులందరి మీదా నాకు ఒళ్లు మండిపోయింది.

అక్కడ ఎలేని మిగతావాళ్లకి సరదాగా పరుగు పందెం పెట్టింది. బ్రెజిల్ నుంచి వచ్చిన భార్యాభర్తలు, ఇంకో ముగ్గురు గీత మీద నిలబడ్డారు. చివర్లో, ప్యాంటు మడిచి, కళ్లజోడు జేబులో పెట్టి, అరవై ఎనిమిదేళ్ల మా మామగారు నిలబడ్డారు.

"మామయ్యగారూ, మోకాళ్లు!" అని అరిచాను. ఆయన వినిపించుకోలేదు.

ఎలేని గ్రీకులో లెక్కపెట్టింది. "ఎనా..."

మామయ్యగారు పరిగెత్తారు.

"సర్! సర్! మూడు దాకా ఆగాలి."

ఆయన వెనక్కొచ్చారు. "ఎనా... దియో..." మామయ్యగారు పరిగెత్తారు. మళ్లీ వెనక్కి పిలిచింది. మూడోసారి ఆవిడ ఊపిరి పీల్చుకోగానే పరిగెత్తారు. బ్రెజిల్ ఆయన నవ్వలేక నేల మీద కూలబడ్డాడు.

"సర్, మీరు మళ్లీ ముందే వెళ్లారు!"

"ముప్పై ఏళ్లు బస్సు లేటని తిట్లు తిన్నాను మేడమ్. జన్మలో మొదటిసారి ముందు వెళ్లాను. ఇదీ తప్పేనా?"

గట్ల మీద కూర్చున్న ఇతర గుంపుల వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఎలేని ముఖం గంభీరంగా పెట్టి, మడిచిన గొడుగుతో ఆయన పిక్క మీద చిన్నగా ఒక్కటి తట్టింది. పురాతన శిక్ష అమలైంది.

నా పక్కన ఏదో చప్పుడు. ఇషిత నవ్వుతోందో, ఏడుస్తోందో తెలియలేదు. రెండూ అనుకుంటాను. లేచి గీత దగ్గరికి వెళ్లింది.

"తాతా, యూ ఆర్ లుకింగ్ ఎట్ ది ఎండ్. అక్కడ చూడకు. నీ ముందు రెండు అడుగులే చూడు. ఊపిరి బిగబట్టకు. సౌండ్ విన్నాకే కాలు."

"ఇప్పుడు చెబుతున్నావా?" అన్నారాయన.

ఈసారి ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. మూడో అంకె 'త్రియా' విన్నాకే కదిలారు. మామయ్యగారు ముప్పై అడుగులు వెళ్లి, గట్టు మీద కూలబడ్డారు. ఇషిత మాత్రం ఆగలేదు. పోటీలా కాదు, ఊరికే, గాలికి పోతున్నట్టు ఆ చివరి దాకా వెళ్లింది. అంతకుముందు ఆ మూడుసార్లూ ఆయన నిజంగా తొందరపడ్డారో, కావాలని చేశారో నేను ఇప్పటికీ అడగలేదు.

నీళ్ల సీసాతో వెళ్లి పక్కన కూర్చున్నాను. ఆయన రొప్పుతూ, దూరంగా పరిగెడుతున్న మనవరాలిని చూస్తూ, "ఎడమ చెయ్యి ఎక్కువ ఊపుతోంది. లాభం లేదు," అన్నారు.

మూడు వారాలుగా బిగపట్టుకున్నదంతా నాకు ఒక్కసారి పొంగుకొచ్చింది.

"ఇప్పుడే కాస్త కదిలింది పిల్ల! మళ్లీ ఆ మాటా? ఆ రోజు కూడా మీరు నోరు మూసుకుని ఉంటే దానికి ఈ గతి పట్టేదా?"

అన్నాక నాకే భయం వేసింది. పదిహేడేళ్లలో ఆయన్ని అంత మాట ఎప్పుడూ అనలేదు. ఆయన సీసా మూత తిప్పుతూ కూర్చున్నారు.

"మామ్. స్టాప్." ఇషిత తిరిగి వచ్చేసింది. మా ఎదురుగా, చెమటతో, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "అది ప్లాన్."

"ఏం ప్లాన్?"

"ఇషీ, వద్దు," అన్నారు ఆయన.

"నో తాతా. ఆ రోజు మార్నింగ్ నేను వాష్‌రూమ్‌లో రెండుసార్లు వామిట్ చేశాను. తాతకి మాత్రమే చెప్పాను. ఓడిపోతే అందరూ ఏమంటారో అని భయం వేసింది. అప్పుడు తాత అన్నాడు, 'అందరి ముందూ గట్టిగా లాభం లేదంటాను. గెలిస్తే నీ కాళ్ల గొప్ప. ఓడిపోతే నా నోటి తప్పు. నీకు రావాల్సిన తిట్లన్నీ నా స్టాపులోనే దిగిపోతాయి' అని." తన కాలి వైపు చూపించింది. "నా కాలే కదిలింది మామ్. ఇట్ వాజ్ జస్ట్ మీ. కానీ అందరూ తాతని తిట్టారు, నువ్వు కూడా. అండ్ ఐ లెట్ యూ. చెప్పేస్తానంటే తాత ఒప్పుకోలేదు."

గది తలుపు వెనక మూడు వారాలు ఆ పిల్ల మోసినది ఓటమి కాదని నాకు అప్పుడు అర్థమైంది.

"ఎవరికీ చెప్పొద్దని ఒప్పందం కదే," అని మామయ్యగారు దొంగతనం బయటపడ్డవాడిలా సణిగారు.

"అయితే మా అందరికీ ఇలాగేనా మామయ్యగారూ? నా ఇంటర్వ్యూకి కూడా?"

"ఇంట్లో తిట్లు తినడానికి ఒకడుంటే మిగతావాళ్లు ప్రశాంతంగా అన్నం తింటారమ్మా. మీ అత్తకి ఎవర్నో ఒకర్ని తిట్టకపోతే తోచదు కూడాను."

"మరి మీకు నిజంగా అన్నీ బాగానే జరుగుతాయని నమ్మకం ఉందన్నమాట!"

"అబ్బే!" ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "అది మాత్రం అబద్ధం కాదు. నాకు దేని మీదా ఆశ లేదు. చిన్నప్పట్నుంచీ అంతే. కానీ ఉన్న గుణాన్ని దేనికో ఒకదానికి వాడుకోవాలి కదమ్మా."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. క్షమించమని అడగబోతే, "ఎండగా ఉంది, లేవండి," అని మాట తప్పించేశారు.

ఇంతలో ఎలేని గొడుగు ఊపుతూ ఆఖరి పందానికి పిలిచింది. ఇషిత నన్ను గీత దగ్గరికి లాక్కుపోయింది. స్కూల్లో లెమన్ అండ్ స్పూన్ తర్వాత నేను పరిగెత్తింది లేదు. భుజాన హ్యాండ్‌బ్యాగు, కాళ్లకి పట్టీల చెప్పులు. 'త్రియా' వినగానే కదిలాను, అంతకు ముందు కాదు. సగం దూరంలో కుడి చెప్పు పట్టీ తెగింది. కాలుతున్న మట్టి మీద ఒంటికాలితో గెంతుకుంటూ అందరికంటే ఆఖరున చేరాను. ఇషిత బ్రెజిల్ ఆవిడ చేతిలో ఓడి రెండోదిగా వచ్చి, ఆవిణ్ణి కావలించుకుని పగలబడి నవ్వుతోంది.

"ఏమైంది మేడమ్?" అంది ఎలేని, తెగిన చెప్పు చూసి.

"నా తప్పు కాదండీ," అన్నాను రొప్పుతూ, గట్టు వైపు చెయ్యి చూపించి. "మా మామగారి నోరు మంచిది కాదు."

నిజానికి ఆ పందానికి ముందు ఆయన పెదవి కూడా విప్పలేదు. అయినా స్టేడియమంతా తన వైపు తిరిగేసరికి, మా మామగారు గట్టు మీద లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఆ నేరం ఒప్పేసుకున్నారు.